పెద్ద స్పీకర్లు, నడక నేర్చే పాప

చి. అమ్మలుకు, మావయ్య ఆశీస్సులు.

నిలువెత్తు స్పీకర్లు కొంటున్నావని మీ అమ్మ చెప్పింది. నీ సంపాదనతో, నీ ఇష్టానికి కొనుక్కుంటున్నావంటే ఎంతో గర్వంగా ఉంది. పాప వస్తువులు పట్టుకుని లేచి నిలబడుతోందని కూడా చెప్పింది. అప్పటి నుంచీ నాకు టెన్షనే.

గోడకు ఆనించకు. వైర్లు పాపకు అందనివ్వకు.

స్పీకర్ కింద బిగించే మొనదేలిన కాళ్లు, అవే స్పైకులు, అదురును ఆపవమ్మా, పెట్టెను నేలకు పట్టి ఉంచుతాయి. మీది కాంక్రీట్ స్లాబ్ కాబట్టి చెక్క నేలలా మోగదు, స్పైకులైనా ఫరవాలేదు. టైల్స్ మీద గీతలు పడకుండా కింద లోహపు బిళ్లలు వెయ్యి.

అదురు ఆగాలంటే స్ప్రింగో మెత్తటి రబ్బరో కావాలి, అదీ బరువుకు తగ్గది. 40 కిలోల స్పీకర్‌కు నాలుగు కాళ్లంటే ఒక్కోదాని మీద సుమారు 10 కిలోలు. బరువు చాలకపోతే రబ్బరు గట్టిగానే ఉండిపోతుంది, ఎక్కువైతే అణిగిపోయి పనిచెయ్యదు. బరువుకు స్ప్రింగు 4 మిల్లీమీటర్లు దిగిందంటే దాని సొంత ఊపు 8 హెర్ట్జ్, అంటే సెకనుకు 8 సార్లు, దగ్గర ఉంటుంది. 40 హెర్ట్జ్ బాస్, అంటే లోతైన మోత, నేలలోకి దిగకుండా అది బాగానే ఆపుతుంది.

కానీ మెత్తటి దాని మీద ఎత్తైన పెట్టె ఊగుతుంది. నా స్నేహితుడొకడు కింద మెత్తటి ప్యాడ్లు పట్టడం లేదని, స్పీకర్‌తో వచ్చిన వెడల్పాటి పీట ఊడదీసి, మందపాటి స్పాంజి ముక్కల మీద నిలబెట్టాడు. బాస్ శుభ్రంగా ఉందని అందరినీ పిలిచి వినిపించాడు. రోజులు గడిచేకొద్దీ ముందువైపు స్పాంజి అణిగింది. ఎవరూ గమనించలేదు. ఒకరోజు వాళ్ల బాబు గ్రిల్ పట్టుకుని లేవబోయాడు, పెట్టె ముందుకు ఒరిగింది. తల్లి పక్కనే ఉంది, భుజం అడ్డం పెట్టి ఆపింది. బాబుకు ఏమీ కాలేదు. ఆవిడ మాత్రం ఆ భుజంతో చాలాకాలం బాధపడింది. ఆ బాబు పెళ్లిలో అక్షింతలు వేస్తూ కూడా నాతో ఆ మాటే అంది.

అందుకే చెబుతున్నా, పీట తియ్యకు. కాళ్లు దాని నాలుగు మూలల్లోనే బిగించు. వెనక పైభాగం నుంచి గోడకు గట్టి నాడా కట్టు. గోడలో మేకు కాదు, ఫాస్టెనర్ (గోడలో బిగుసుకునే బోల్టు) వేయించు. అందం పాడవుతుందని మీ ఆయన అంటే నాకు ఫోన్ ఇవ్వు.

ఖరీదైన కాళ్లకు డబ్బు తగలెయ్యబోకు తల్లీ. మీ హాలు పొడవు 15 అడుగులు. అలాంటి గదిలో 38 హెర్ట్జ్ దగ్గర బాస్ గోడల మధ్యే గుమిగూడుతుంది, ఏ కాళ్లూ దాన్ని ఆపలేవు. ముందు స్పీకర్లు అటూ ఇటూ జరిపి విను. గాల్లో వెళ్లే మోత కింది ఇంటికి ఎలాగూ చేరుతుంది. రాత్రిళ్లు తగ్గించి పెట్టుకో.

స్పీకర్ బరువు, కింద బోల్టు ఎం6నో ఎం8నో (6 మి.మీ. మందమో 8 మి.మీ. మందమో) చూసి పంపు. తగిన కాళ్లు నేనే చూసి పెడతాను. అవి వచ్చినా, నాడా బిగించేదాకా పాపను ఆ గదిలో ఒంటరిగా వదలకు.

మీ మావయ్య