హైదరాబాద్ చుట్టుపక్కల నడకకి వెళ్తే కుందేలు, ముంగిస లాంటివి కనిపిస్తాయా?

కనిపిస్తాయి. మీకు కనిపించలేదంటే కారణం మీ నడకే. చేతి వాచీలో అడుగుల లెక్క చూసుకుంటూ దడదడా పోయేవాళ్ళకి నెమళ్ళు తప్ప ఏవీ దొరకవు. అవైనా అరుస్తాయి కాబట్టి. ఏదైనా రాయి చూసుకుని కూర్చోండి.

దానికోసం అనంతగిరి దాకా పోనక్కర్లేదు. చిలుకూరు, హిమాయత్ సాగర్ వైపు గుట్టలు, తుప్పలు మిగిలిన చోటు చాలు. అక్కడే ఓసారి బైనాక్యులర్ మెడలో వేసుకుని బీడులో తిరుగుతుంటే, గొర్లు కాసే ముసలాయన "ఏం దేవులాడుతున్నవ్ బిడ్డా?" అన్నాడు. చెప్పాను. కట్టెతో నా ముందున్న గడ్డిదుబ్బు చూపించి, "గదో, నిన్నే జూస్తున్నది" అన్నాడు. ఎంత చూసినా మట్టిపెడ్డే. కాసేపటికి ఆ పెడ్డలో కన్ను కనిపించింది. చెవులు వీపుకి అంటించుకుని కూర్చుంది చెవులపిల్లి, మూడు బారల దూరం కూడా లేదు. ఫోన్ కోసం జేబులో చెయ్యి పెట్టానో లేదో, వంకరటింకరగా దూకి మాయం. మెడ వెనక నల్లమచ్చ మాత్రం బాగా కనిపించింది. "నువ్ కదల్కుంటే అది గూడ కదల్దు" అని తాత నవ్వాడు.

మన అడవి కుందేలు బొరియ తవ్వదు. పగలంతా గడ్డిలో అలా అణిగి ఉంటుంది. పిల్లలు కూడా బొచ్చుతో, కళ్ళు తెరుచుకునే పుడతాయి. కాబట్టి బొరియల దగ్గర కాపు కాయడం దండగ. తెల్లవారుతుండగానో, పొద్దుగూకే వేళకో వెళ్ళండి. బఠాణీ గింజంత గుండ్రటి ఎండు పెంటికలు కనిపిస్తే చోటు సరైనదే.

ముంగిస పట్టపగలే తిరుగుతుంది, కేబీఆర్ పార్కులోనూ ఉంది. కానీ అక్కడ ఫోన్ స్పీకర్లో పాటలు పెట్టుకుని నడిచేవాళ్ళుంటారే, వాళ్ళు దాటిపోయేదాకా ఆశ పెట్టుకోకండి. ఇయర్‌ఫోన్స్ అనేవి ఎందుకు కనిపెట్టారో! ఇక ఊరి బయట పెంపుడు కుక్కల గొలుసు విప్పి "ఏమీ చెయ్యదండీ" అనే బాపతు. కుందేలుని అడగండి చేస్తుందో లేదో. గుట్టని పగలగొట్టి ఆ వెంచర్‌కే 'హిల్ వ్యూ' అని పేరు పెట్టేవాళ్ళని ఏమనాలో నాకు తెలీదు.

అన్నట్టు, పిల్లల డ్రాయింగ్ క్లాసుకి బ్రష్షులు కొనేటప్పుడు ముంగిస వెంట్రుకలవి కాదని చూసుకోండి. 1972 వన్యప్రాణి చట్టం ప్రకారం వాటి అమ్మకం నేరం. నైలాన్‌వి శుభ్రంగా పనిచేస్తాయి, మా ఇంట్లో అవే.