ప్రశ్న–జవాబు: మావోకు నిజం చెప్పేదెవరు?

ప్రశ్న: 1958–61 మధ్య చైనాలో వచ్చిన మహా కరువు గురించి మా ఇంట్లో వాదన జరిగింది. కింది అధికారులు భయపడి తప్పుడు లెక్కలు పంపడం వల్ల మావోకు అసలు సంగతి తెలియలేదని మా నాన్నగారు అంటారు. అది నిజమేనా?
– ఒక పాఠకురాలు, ఖమ్మం

జవాబు: మీ నాన్నగారి మాటలో సగం నిజం ఉంది. తప్పుడు లెక్కలు వెళ్లిన మాట వాస్తవమే. కానీ ఆ భయం ఎక్కడ పుట్టిందో అడగకపోతే తప్పంతా కిందివాళ్ల నెత్తిన పడుతుంది.

ముందు ఆ లెక్కల సంగతి చూడండి. 1958 ఆగస్టులో హూబే రాష్ట్రంలోని మాచెంగ్‌లో ఒక కమ్యూన్ (ఉమ్మడిగా సాగు చేసే పల్లెల సంఘం) ‘ము’ విస్తీర్ణానికి 36,900 జిన్‌లకు పైగా వరి పండించిందని పార్టీ పత్రిక పీపుల్స్ డైలీ ప్రకటించింది. మన కొలతల్లోకి మార్చితే ఎకరాకు 75 కిలోల బస్తాలు దాదాపు 1,500 అవుతాయి. నలభై బస్తాలు దిగితే సంతోషించే మన డెల్టా రైతు ఈ లెక్క వింటే నవ్వి ఊరుకుంటాడు. అక్కడ మాత్రం చుట్టుపక్కల పొలాల్లో కోతకొచ్చిన వరిని వేళ్లతో సహా పెకలించి ఒకే మడిలో కిక్కిరిసేలా నాటి, ఆ వెన్నుల మీద పిల్లలను నిలబెట్టి ఫొటో తీసి పత్రికలో వేశారు. పిల్లల కాళ్ల కింద బల్ల దాచిన సంగతి తర్వాతెప్పుడో బయటపడింది.

ఆ అబద్ధాలు కాగితాల మీదే ఉండిపోతే అంత ముప్పు వచ్చేది కాదు. ఆ ఏడాది దిగుబడిని 37.5 కోట్ల టన్నులుగా ప్రకటించారు. నిజంగా పండింది 20 కోట్ల టన్నులే. ప్రభుత్వం రైతుల నుంచి తీసుకునే సేకరణ వాటాను మాత్రం ప్రకటించిన లెక్కల మీదే కట్టడంతో, పండని ధాన్యానికి కూడా బాకీ పడ్డ పల్లెలు తిండిగింజలను, చివరికి విత్తనాలను కూడా అప్పగించవలసి వచ్చింది. హెనాన్ రాష్ట్రంలోని షిన్యాంగ్ ప్రాంతంలో సుమారు పది లక్షల మంది చనిపోతుండగా, ఆ మాట బయటికి పొక్కకుండా అధికారులు పోస్టాఫీసుల్లోనే వేల ఉత్తరాలను ఆపించారు. దేశం మొత్తం మీద మరణాలు ఒకటిన్నర కోటి నుంచి నాలుగున్నర కోట్ల వరకు ఉంటాయని చరిత్రకారుల అంచనా.

ఇక మావోకు తెలుసా అన్న ప్రశ్నకు వద్దాం. లెక్కల్లో గాలి ఉందని ఆయనకు తెలుసు. 1959 ఏప్రిల్ 29న పార్టీ శ్రేణులకు రాసిన లేఖలో, పండినంతే చెప్పండి, నిజమే మాట్లాడండి అని ఆయనే కోరారు. మూడు నెలలు తిరక్కుండానే, జూలైలో లూషాన్ అనే కొండ ప్రాంతంలో జరిగిన పార్టీ నేతల సమావేశాల్లో, కొరియా యుద్ధంలో చైనా సేనలను నడిపిన రక్షణమంత్రి పెంగ్ దెహువాయి ఆ మాటను నమ్మినట్టే ప్రవర్తించారు. ‘గ్రేట్ లీప్ ఫార్వర్డ్’ (పంటను, పరిశ్రమను ఒక్కసారిగా పెంచాలని మావో చేపట్టిన ఉద్యమం) సాధించిన విజయాలను ముందు మెచ్చుకుని, ఆ తర్వాతే లోపాలను ఎత్తిచూపుతూ 14వ తేదీన మావోకు ఒక ఉత్తరం రాశారు. మావో దాన్ని అచ్చు వేయించి అందరికీ పంచిపెట్టారు. 23వ తేదీన సభలో విరుచుకుపడుతూ, సైన్యం పెంగ్ వెంట వెళితే తాను పల్లెలకు పోయి మరో సైన్యాన్ని కడతానని కూడా అన్నారు. ఏప్రిల్ లేఖ చదివిన జిల్లా అధికారి జూలై సంగతి కూడా విన్నాడు. రెండింటిలో దేన్ని గుర్తుపెట్టుకుంటాడో మీరే ఊహించవచ్చు. ఆ తర్వాత ‘మితవాదుల’ (మావో విధానాన్ని తప్పుపట్టినవారి మీద వేసిన ముద్ర ఇది) ఏరివేత మొదలై, తక్కువ పంట చూపడమే నేరంగా మారింది. చావులు అన్నిటికంటే ఎక్కువగా జరిగింది 1960లో, అంటే లూషాన్ తర్వాతే. అందుకే ‘ఆయనకు తెలియదు’ అన్న వాదనను నేను ఒప్పుకోలేను.

ప్రశ్న: పెంగ్ తర్వాత ఏమయ్యారు?
– అదే పాఠకురాలు

జవాబు: ఆయన పదవిని మరో సేనాని లిన్ బియావోకు ఇచ్చారు. 1966లో మావో మొదలుపెట్టిన సాంస్కృతిక విప్లవ కాలంలో, మావోను అనుసరించిన యువజన దళాలైన రెడ్ గార్డులు పెంగ్‌ను పట్టుకుపోయి, బహిరంగ సభల్లో అవమానించి కొట్టారు. నిర్బంధంలో ఉండగానే 1974 నవంబరులో ఆయన మరణించారు. ఆయన మీద మోపిన నేరాలను పార్టీ 1978 డిసెంబరులో, అంటే మావో చనిపోయిన రెండేళ్లకు, రద్దు చేసింది.