రైలు ప్రమాదం చూసినప్పటి నుంచి నిద్ర లేదు.. నేను 108లో చేస్తాను, నాకేమైంది?

ప్రశ్న: డాక్టర్ గారూ, నాకు 32 ఏళ్లు. శ్రీకాకుళం జిల్లాలో 108 అంబులెన్సులో ఈఎంటీగా (రోగికి దారిలో అత్యవసర చికిత్స చేసే ఉద్యోగిగా) పనిచేస్తున్నాను. మే నెలలో బైక్ మీద నుంచి పడి కాలు విరిగింది, సిమెంటు కట్టుతో ఇంట్లోనే ఉన్నాను. 2023 జూన్ 2న ఒడిశాలో బాలాసోర్ దగ్గర కోరమండల్ ఎక్స్‌ప్రెస్ ప్రమాదం జరిగిన రాత్రి తెల్లవార్లూ టీవీ ముందే ఉండిపోయాను. అప్పటి నుంచి నిద్ర పట్టడం లేదు, పట్టినా ఆ బోగీలతో పాటు నా పాత కేసులు కూడా కలలోకి వస్తున్నాయి. అందరూ పరిగెడుతుంటే నేను మంచం మీద పడి ఉన్నానని లోపల తొలిచేస్తోంది. "అక్కడికి వెళ్లనే లేదు, నీకెందుకింత?" అంటోంది మా ఆవిడ. నాకు పిచ్చేమైనా పడుతోందా?

సలహా: పిచ్చి కాదండి, ఆ భయం ముందు తీసేయండి. మీ ఆవిడ కంగారుతోనే అని ఉంటారు గానీ, టీవీలో ఆవిడ చూసింది, మీరు చూసింది ఒకటి కాదు. ఆవిడ బోల్తాపడ్డ బోగీలు చూశారు. మీరేమో కిటికీ చువ్వల మధ్య ఒక చెయ్యి కనబడగానే ఆ మనిషి ఎలా ఇరుక్కుని ఉంటాడు, మెడకి కాలర్ ఎటు నుంచి వెయ్యాలి, ముందు ఎవర్ని దించాలి అని లెక్కలు వేసేసుకున్నారు. ఏళ్ల తరబడి చేసిన పని అది, వద్దనుకున్నా ఆగదు. మామూలు రోజుల్లో కాల్ రాగానే గుండె వేగం పెరుగుతుంది, స్పాట్‌కి వెళ్తారు, చేతులు పనిలో పడతాయి, కేసుని ఆసుపత్రిలో అప్పజెప్పి పైలట్‌తో (అంబులెన్సు డ్రైవర్‌తో) టీ తాగుతూ నాలుగు మాటలు మాట్లాడుకునేసరికి ఒళ్లు మళ్లీ మామూలుకి వస్తుంది. ఆ రాత్రి మీకు ఇందులో మొదటి సగమే జరిగింది. డ్యూటీకి సిద్ధమైపోయిన ఒంటికి డ్యూటీ దొరకలేదు, ఆ ఉద్రేకం ఇంకా దిగలేదు.

టీవీ చూస్తే ఇంత అవుతుందా అంటే, అవుతుంది. 2013లో అమెరికాలో బోస్టన్ మారథాన్ బాంబు పేలుళ్ల తర్వాత చేసిన అధ్యయనంలో, ఆ వారమంతా రోజుకి ఆరు గంటలు, అంతకు మించి ఆ వార్తలే చూసినవాళ్లకి అక్కడ స్వయంగా ఉన్నవాళ్ల కంటే కూడా ఎక్కువ స్ట్రెస్ లక్షణాలు కనిపించాయి. ఇక అక్కడికి వెళ్లినవాళ్ల సంగతి చూడండి. బాలాసోర్‌లో పనిచేసి వచ్చిన ఒక జవానుకి నీళ్లు చూస్తే రక్తంలా కనబడుతోందని, ఇంకొకరికి ఆకలే చచ్చిపోయిందని జాతీయ విపత్తు సహాయ దళం (ఎన్డీఆర్ఎఫ్) అప్పటి అధిపతి అతుల్ కర్వాల్ స్వయంగా చెప్పారు. అంత గట్టి శిక్షణ ఉన్నవాళ్లకే అలా అయితే మీరు సిగ్గుపడాల్సింది ఏముంది?

మీరు వెళ్లి ఉంటే ఎవరైనా బతికేవారా అన్నదే కదా తొలుస్తోంది. మీ జిల్లా నుంచి బాలాసోర్ వందల కిలోమీటర్ల దూరం. కాలు బాగున్నా గోల్డెన్ అవర్‌లో, అంటే ప్రాణం నిలబెట్టే ఆ తొలి గంటలో, మీరు అక్కడ ఉండేవారు కాదు. ఆ మొదటి గంటల్లో చీకట్లో జనాన్ని బయటికి లాగింది ప్రమాదం జరిగిన బహనగా చుట్టుపక్కల ఊళ్ల వాళ్లే. ఇది మీకు తెలియదని కాదు, అయినా ఒకసారి మీ ఆవిడ ముందు పైకి అనండి. లోపలే తిరిగే మాట పైకి అంటే కొంత బరువు తగ్గుతుంది.

పాత కేసుల గురించి మీరు ఒక్క ముక్కే రాశారు గానీ, నాకు అసలు విషయం అక్కడే ఉందనిపిస్తోంది. ఒక కేసు మనసులో కుదురుకోకముందే ఇంకో కాల్ వస్తుంది, ఏళ్ల తరబడి అంతే. ఇప్పుడు కాళ్లు కట్టేసినట్టు ఇంట్లో కూర్చోబెట్టేసరికి అవన్నీ ఒక్కసారిగా పైకి లేచాయి. బాలాసోర్ దానికి తలుపు తీసింది.

ఈ రోజు నుంచే దృశ్యాలు చూడటం ఆపేయండి. వార్త కావాలంటే పొద్దున పేపర్లో చదువుకోండి, చాలు. వాట్సాప్‌లో వీడియోలు వాటంతటవే డౌన్‌లోడ్ కాకుండా సెట్టింగ్ మార్చండి, ముఖ్యంగా స్టాఫ్ గ్రూపుల్లో, అక్కడ టీవీ కూడా చూపించనివి తిరుగుతుంటాయి. మన రాష్ట్రం నుంచి కూడా అంబులెన్సులు వెళ్లాయి కదా, వెళ్లినవాళ్లలో మీకు తెలిసినవాళ్లుంటే ఫోన్ చేసి అన్నం తిన్నావా అని అడగండి, వివరాలు తవ్వకండి. చేతులకి పని కూడా కావాలి. వీధిలో కుర్రాళ్లని పిలిచి, స్టూల్ మీద కూర్చునే, రక్తం కారుతుంటే గుడ్డతో ఎలా గట్టిగా నొక్కిపట్టాలో నేర్పించండి.

నిద్ర కోసం మందుల షాపులో అల్ప్రాజోలం లాంటి మత్తు మాత్రలు అడిగి తెచ్చుకోవద్దు. ఇలాంటి సమయంలో అవి మేలు కంటే అలవాటే ఎక్కువ చేస్తాయి. మందు కొట్టి పడుకోవడం కూడా అంతే. రాత్రి కాలు నొప్పి వల్ల మెలకువ వస్తోందేమో చూసుకోండి, అది వేరే సమస్య, దానికి వేరే మందు.

ఎక్కువమందికి ఇది కొన్ని వారాల్లో దానంతటదే తగ్గిపోతుంది. ప్రమాదం జరిగి నెల దాటినా కలలు, ఉలికిపాటు, సైరన్ వింటే చెమటలు పట్టడం తగ్గకపోతే పీటీఎస్డీ (ఘోరాలు చూశాక మనసుకి తగిలిన దెబ్బ మానకపోవడం) ఏమో చూడాలి. దానికి మంచి కౌన్సెలింగ్ పద్ధతులున్నాయి, అవసరమైతే సెర్ట్రలిన్ లాంటి మందులున్నాయి, ఉద్యోగం మానక్కర్లేదు. చచ్చిపోవాలన్న ఆలోచన ఒక్కసారి వచ్చినా మాత్రం నెల దాకా ఆగకండి, ఇంట్లో చెప్పి వెంటనే 14416కి ఫోన్ చేయండి. అది టెలి మానస్ అనే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్, డబ్బులు పడవు, తెలుగులోనే మాట్లాడతారు. అలాంటి ఆలోచనలేమీ లేకపోతే, కట్టు చూపించుకోవడానికి జిల్లా కేంద్రంలోని ప్రభుత్వ ఆసుపత్రికి వెళ్లిన రోజే సైకియాట్రీ ఓపీలో కూడా చీటీ రాయించుకోండి, మీ ఆవిడని వెంట తీసుకెళ్లండి.