రికెన్‌బ్యాకర్ 360/12: నట్లు బిగించినా నెక్ వంపు ఎందుకు తగ్గదు?

మీ 1967 నాటి రికెన్‌బ్యాకర్ 360/12 (పన్నెండు తీగల ఎలక్ట్రిక్ గిటార్) నెక్, అంటే తీగల కింద సాగే మెడ, ముందుకు వంగి తీగలు ఎత్తుగా నిలుస్తున్నాయనీ, హెడ్‌స్టాక్ (మెడ చివరి తల) మీది మూత తీసి నట్లు ఎంత బిగించినా ఫలితం లేదనీ రాశారు. దయచేసి ఇక బిగించకండి. ఆ కాలపు రికెన్‌బ్యాకర్ నెక్‌లో రెండు ట్రస్ రాడ్లు (నెక్ వంపును అదుపులో ఉంచే కడ్డీలు) పక్కపక్కన ఉంటాయి, ఆ నట్లు బిగించేది వీటినే. ఒక్కొక్కటీ మడిచి వెనక్కు తిప్పిన ఉక్కు కడ్డీ. ఇప్పటి రాడ్లలా అవి నెక్‌ను తమంతట తాము వంచవు, చేత్తో సరిచేసిన ఆకారాన్ని పట్టి ఉంచడమే వాటి పని. బలవంతపెడితే హెడ్‌స్టాక్ వైపు ఫింగర్‌బోర్డు (వేళ్ళతో తీగలు నొక్కే పలక) జిగురు విడిపోయి పైకి లేస్తుంది.

తీగలన్నిటినీ బాగా వదులు చేయండి. ఈ హెడ్‌స్టాక్‌లో తీగలు బిగించే ఆరు కీలు మామూలుగా పక్కలకు, మిగిలిన ఆరు క్లాసికల్ గిటార్‌లో లాగా గాడిలోకి దిగి వెనక్కు తిరిగి ఉంటాయి కాబట్టి, జంటలుగా ఉండే ఈ తీగల్లో ఏది ఏ కీకి పోతుందో చూసుకుని తిప్పండి. (1965 నాటి ఫెండర్ ఎలక్ట్రిక్ ట్వెల్వ్ పొడవాటి తలతో పోలిస్తే ఈ అమరికే నాకు తెలివైనదిగా తోస్తుంది, పన్నెండు కీలున్నా తల పొడవు పెరగలేదు.) తర్వాత రెండు నట్లూ వదులు చేసి, నెక్ మధ్యభాగాన్ని తీగల వైపు నెడుతూ హెడ్‌స్టాక్‌ను మెల్లగా వెనక్కు లాగి పట్టుకోండి, ఆ స్థితిలోనే వేరొకరి చేత నట్లను మెత్తగా బిగించండి. మంద్ర తీగల వైపు, సన్న తీగల వైపు నట్లను విడివిడిగా సరిచేయవచ్చు గనుక కొద్దిపాటి మెలిక ఉన్నా తీసేయవచ్చు. పూర్తి శ్రుతికి తెచ్చాక ఒక రాత్రి ఆగి మళ్ళీ చూడండి.