ఆరుద్ర నక్షత్రం ఎర్రగా ఎందుకుంటుంది? అది పేలిపోతుందన్నది నిజమేనా?

జనవరి రాత్రుల్లో వరసగా కనిపించే మూడు చుక్కల పక్కన ఎర్రగా మెరిసేదే ఆరుద్ర, అంటే బెటెల్‌గూస్. కార్తెకు పేరిచ్చింది ఇదే.

ఎరుపంటే వేడి ఎక్కువనుకుంటాం. నక్షత్రాల్లో అది తిరగబడుతుంది. కొలిమిలో ఇనుము ముందు ఎర్రబడి, ఇంకా కాలితే పసుపు, తెలుపు అవుతుంది కదా, అదే లెక్క. సూర్యుడి ఉపరితలం దాదాపు 5,500 డిగ్రీల సెల్సియస్ ఉంటే, ఆరుద్రది సుమారు 3,300.

దాని నడిమధ్యన హైడ్రోజన్ అయిపోయింది. గర్భం కుంచించుకుని వేడెక్కేసరికి పైపొరలు ఉబ్బి చల్లబడ్డాయి. సూర్యుడి స్థానంలో పెడితే అంగారకుడి కక్ష్య కూడా దాని లోపలే ఉంటుంది. వయసు సుమారు కోటి ఏళ్లే, సూర్యుడికేమో 460 కోట్లు. అయినా ఇదే ముసలిది. బరువైన నక్షత్రం ఇంధనాన్ని దుబారా చేస్తుంది మరి.

పేలడం ఖాయమే. ఇప్పుడు హీలియం మండుతోంది, అంటే దాని కేంద్రకాలు కలిసిపోయి శక్తినిస్తున్నాయి. తర్వాత కార్బన్, ఆక్సిజన్ వగైరా, చివరికి ఇనుము మిగులుతుంది. ఇనుము కేంద్రకాలు అలా కలిసినా శక్తి రాదు కాబట్టి గర్భం సెకను లోపే కూలిపోతుంది. ఆ దెబ్బకు పైపొరలు పేలిపోతాయి, అదే సూపర్‌నోవా. 2019 చివర్లో మసకబారినప్పుడు ఇక అయిపోయిందని హడావిడి చేశారు గానీ, అది కక్కిన ధూళే అడ్డం పడింది. ఇంకో లక్ష ఏళ్లు పట్టినా ఆశ్చర్యం లేదు, టెన్షన్ పడకండి.