ఐదు పరీక్షలు, ఒకే అమ్మాయి

ప్రశ్న: మా అమ్మాయి ఇంటర్ రెండో సంవత్సరం ఎంపీసీ చదువుతోంది. ఈ ఏడాది ఐదు ఇంజనీరింగ్ ప్రవేశ పరీక్షలు రాస్తుంది. ‘ఒక్కో పరీక్షలో కోరుకున్న సీటు వచ్చే అవకాశం 20 శాతమే అనుకున్నా, ఐదింటిలో ఒక్కటైనా వచ్చే అవకాశం 67 శాతం నాన్నా’ అని లెక్క వేసి చూపించింది. దాన్ని నమ్మి ఊరుకోవచ్చా, మరో దారి కూడా చూడాలా? తనకు సంభావ్యత అధ్యాయం అంటే ప్రాణం. ఆ వైపు మంచి చదువులు ఉన్నాయా? – ఒక తండ్రి

జవాబు: ముందుగా అమ్మాయిని మెచ్చుకోండి. ఒక పరీక్షలో సీటు రాకపోయే అవకాశం 0.8. దాన్ని ఐదుసార్లు వేసి గుణిస్తే 0.328. అంటే ఐదింటిలోనూ రాకపోయే అవకాశం 33 శాతం, మిగిలింది 67. గుణకారం సరిగ్గానే ఉంది. కానీ గుణించే ముందు ఒక ప్రశ్న వేసుకోవాలి: మొదటి ఫలితం తెలిశాక రెండోదాని మీద మన అంచనా మారుతుందా? మారకపోతేనే అవి స్వతంత్ర ఘటనలు, అప్పుడే నేరుగా గుణించవచ్చు.

సంచిలో ఐదు మామిడిపళ్లు ఉన్నాయనుకోండి. మూడు తియ్యనివి, రెండు పుల్లనివి. చూడకుండా రెండు తీస్తే రెండూ తియ్యనివే అయ్యే అవకాశం ఎంత? మొదటి పండును తిరిగి సంచిలో వేస్తే 3/5ను 3/5తో గుణిస్తాం, 36 శాతం. కొరికి రుచి చూసిన పండును తిరిగి వేయం కదా! అది తియ్యనిదైతే మిగిలిన నాలుగింటిలో తియ్యనివి రెండే. 3/5ను 2/4తో గుణించాలి, 30 శాతం. పుస్తకంలో ‘తిరిగి ఉంచకుండా’ అన్న మాట ప్రశ్నలోనే ఉంటుంది. బయట దాన్ని మనమే పసిగట్టాలి.

ఇప్పుడు మీ ఇంటి లెక్కకు వద్దాం. ఐదు పరీక్షలూ రాసేది ఒకే అమ్మాయి. దాదాపు అదే సిలబస్, అవే నెలల చదువు. సన్నద్ధత బాగా కుదిరితే ఒక్కో పరీక్షలో అవకాశం 35 శాతం, కుదరకపోతే 5 శాతం అనుకుందాం. రెండు స్థితులకూ సగం సగం అవకాశం ఇస్తే, సగటున ఒక్కో పరీక్షకు ఆమె అనుకున్న 20 శాతమే వస్తుంది. కానీ కుదిరినప్పుడు ఒక్క సీటైనా వచ్చే అవకాశం 88 శాతం, కుదరనప్పుడు 23 శాతం. రెండింటి సగటు 55 పైచిలుకు మాత్రమే. ఈ అంకెలు నేను ఉదాహరణకు తీసుకున్నవే. అయినా ఆమె వేసుకున్న 20 శాతాన్ని తాకకుండానే 67 అంత కిందికి జారింది చూడండి. మొదటి పరీక్షలో సీటు రాలేదని తెలిస్తే, రెండోదాని అవకాశం కూడా 20 నుంచి 17 శాతానికి తగ్గుతుంది. అందువల్ల మరో దారి తప్పకుండా చూడండి.

ఆ దారి కూడా అదే కొమ్మకు వేలాడకూడదు. ఆరో ఇంజనీరింగ్ పరీక్షకు ఫీజు కట్టడం కంటే, వేరే రకం ఎంపిక ఉన్న చోటు వెతకడం మేలు. తెలంగాణలో దోస్త్ అనే ఆన్‌లైన్ ప్రవేశ విధానం ద్వారా డిగ్రీ సీట్లు ఇంటర్ మార్కుల ఆధారంగానే ఇస్తారు. అదీ ఆమె చదువు మీదే ఆధారపడుతుంది, కానీ ప్రవేశ పరీక్ష ర్యాంకు మీద కాదు. స్టాటిస్టిక్స్ ఒక సబ్జెక్టుగా ఉన్న డిగ్రీ చూడండి. కోల్‌కతాలోని ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌లో బీ.స్టాట్ అనే స్టాటిస్టిక్స్ డిగ్రీ ఉంది. దాని ప్రవేశ పరీక్షలో పరీక్షించేది ప్రధానంగా గణితాన్నే. భౌతిక, రసాయన శాస్త్రాలలో తడబడే పిల్లలకు అది పెద్ద ఊరట. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం చదివిన ప్రఖ్యాత గణాంక శాస్త్రవేత్త సి.ఆర్. రావు గారు దశాబ్దాల పాటు పనిచేసిన సంస్థ అది.

బీమా రంగంలో నష్టాల అవకాశాలను లెక్కగట్టే యాక్చువరీ ఉద్యోగం కూడా ఉంది. ఇంటర్ తర్వాత ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ యాక్చువరీస్ ఆఫ్ ఇండియా ప్రవేశ పరీక్ష, ఏసెట్, రాయవచ్చు. ఆ తర్వాత ఒక్కో పేపరూ దాటుకుంటూ వెళ్లాలి. ఏళ్లు పడుతుంది, ఓపిక కావాలి. అక్కడ మీ అమ్మాయి చేసిన పొరపాటే రోజూ ఎదురయ్యే సమస్య. విశాఖలో దూరదూరంగా ఉన్న వెయ్యి ఇళ్లకు అగ్నిప్రమాద బీమా చేస్తే, ఒక ఇల్లు కాలినంత మాత్రాన రెండోది కాలాలని లేదు. కానీ 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను వచ్చినప్పుడు ఊరంతా ఒకే గాలికి దెబ్బతింది. రెండింటికీ ఒకే లెక్క వాడితే ఏ బీమా సంస్థకైనా నిలదొక్కుకోవడం కష్టం.

ఈ తేడా తెలియక మనుషుల జీవితాలే చితికిపోయాయి. ఇంగ్లండులో సాలీ క్లార్క్ అనే తల్లికి ఇద్దరు పసిపిల్లలు చనిపోయారు. వాళ్లను ఆమే చంపిందని కేసు పెట్టారు. అలాంటి కుటుంబంలో ఒక ఆకస్మిక శిశుమరణానికి 8,543లో ఒక వంతు అవకాశం అన్న అంకెను దానితోనే గుణించి, రెండూ సహజంగా జరగడానికి 7.3 కోట్లలో ఒక వంతు అవకాశమే ఉందని నిపుణ సాక్షి కోర్టులో చెప్పారు. ఒకే తల్లిదండ్రుల పిల్లలు, ఒకే ఇల్లు. ఆ మరణాలను స్వతంత్రమని ఎలా అనుకుంటాం? 1999లో ఆమెకు యావజ్జీవ శిక్ష పడింది. ఆ లెక్కకు ఆధారం లేదని 2001లో రాయల్ స్టాటిస్టికల్ సొసైటీ బహిరంగంగా చెప్పింది. 2003లో శిక్ష రద్దయింది.

ఈ సంగతి అమ్మాయికి చెప్పండి. తర్వాత తన 67 శాతాన్ని తననే మళ్లీ వేయమనండి, ఈసారి 35, 5 బదులు తనకు నిజమనిపించిన అంకెలతో. ఆ పని ఇష్టంగా చేస్తే, బీ.స్టాట్ పాత ప్రశ్నపత్రాలు కొన్ని తెచ్చి ముందు పెట్టండి.