ప్రోస్టేటైటిస్‌కు మందు అడిగారు, నా దగ్గర గంగాళం ఉంది

ప్రశ్న: "వయసు 34. క్రానిక్ ప్రోస్టేటైటిస్ అన్నారు. ఎనిమిది నెలలుగా యాంటీబయాటిక్స్ మార్చి మార్చి ఇస్తున్నారు, తగ్గడం లేదు. తిరుపతి చుట్టుపక్కల దీనికి మంచి మందు, మంచి డాక్టరు ఎవరికైనా తెలుసా?"

ప్రోస్టేటైటిస్ అంటే మగవాళ్లకు మూత్రాశయం కింద ఉండే ప్రోస్టేట్ గ్రంథికి వాపని అర్థం. మందు సంగతికి ముందు ఒకటి అడగాలి. మీరు రోజుకు ఎన్ని గంటలు కూర్చుంటారు, దేని మీద కూర్చుంటారు? ఈ ఎనిమిది నెలల్లో ఈ మాట మిమ్మల్ని ఎవరైనా అడిగారా? నన్ను రెండేళ్లపాటు ఎవరూ అడగలేదు.

నాకు తిరుపతి గాంధీ రోడ్డులో ఇత్తడి సామాన్ల అంగడి. పొద్దున తొమ్మిదిన్నరకు గల్లాపెట్టె ముందు చెక్క స్టూలెక్కితే రాత్రి పదికి దిగేది. 41వ ఏట మొదలైంది. చెంబు మూత మీద బొడిపె ఉంటుంది చూడండి, సరిగ్గా దాని మీద కూర్చున్నట్టు కింద ఒకటే పోటు. మూత్రానికి పోయొచ్చిన పది నిమిషాలకే మళ్లీ పోవాలనిపిస్తుంది, పోతే నాలుగు చుక్కలు. ఆలుమగల సంగతి ఇక్కడ రాయను. ఆ తర్వాత రెండు రోజులు నొప్పి ఉండేదని మాత్రం చెప్తా, ఎందుకంటే మీకూ ఉండే ఉంటుంది, మీరు డాక్టరుకు చెప్పి ఉండరు.

మధ్యలో బొక్క ఉన్న దిండొకటి కొని స్టూలు మీద వేసుకున్నా. మూడో రోజుకల్లా వీధి వీధంతా నాకు మొలలని తీర్మానించేసింది. పక్కంగడి పూలాయన ముల్లంగి రసం తాగమన్నాడు. టీ కొట్టాయన తుత్తురబెండ ఆకు ఏకంగా కట్టే తెచ్చిచ్చాడు. నేను కాదనలేదు. మొలలంటే జాలిపడతారు, ప్రోస్టేటంటే కిసుక్కున నవ్వి "ఏమన్నా, అప్పుడే ముసలోడివైపోయావా" అంటారు. ఇప్పటికీ ఆ వీధి లెక్కలో నేను మొలల రోగినే.

మొదటి డాక్టరు సిప్రోఫ్లాక్సాసిన్ నాలుగు వారాలు రాశాడు. మొదటి వారం కాస్త తెరిపిచ్చింది, దాంతో ఇదే మందని నమ్మేశా. మళ్లీ తిరగబెట్టింది. రెండో ఆయన లీవోఫ్లాక్సాసిన్ ఆరు వారాలు. మూడో ఆయన ఆ రెండు చీటీలూ చూసి పెదవి విరిచి డాక్సీసైక్లిన్. మూత్రంలో ఏ క్రిమి ఉందో పెంచి చూసే కల్చర్ పరీక్ష మాత్రం ఒక్కరూ చేయించలేదు. నాలుగో తూరి నేనే డాక్టరైపోయి మెడికల్ షాపులో పాత స్ట్రిప్పు చూపించి కొనుక్కున్నా. గ్యాస్ బండకైనా బుక్కు చూపించమనేవాళ్లు, వీటికి మాత్రం ఏమీ అడగలేదు.

పెరటాసి శనివారం అలిపిరి మెట్లెక్కడం మా ఇంట్లో ఆనవాయితీ. 3,550 మెట్లు, ఏటా ఎక్కేవాణ్ణే. ఆ ఏడు గాలిగోపురం చేరకముందే రెండు మడమల వెనక నరం (పిక్కను మడమకు కట్టే తాడు లాంటిది, టెండన్ అంటారు) పట్టేసింది. వయసు మీద పడిందిలే అనుకున్నా. తర్వాతెప్పుడో మందు డబ్బాలోని చీటీ భూతద్దం పెట్టి చదివితే, సిప్రోఫ్లాక్సాసిన్, లీవోఫ్లాక్సాసిన్ జాతి మందులతో ఆ మడమ నరం దెబ్బతినొచ్చు, ఒక్కోసారి తెగిపోవచ్చు అని ఉంది. అమెరికాలో ఎఫ్‌డీఏ వాళ్లు 2008లోనే దీనికి నల్ల గడి కట్టి మరీ హెచ్చరిక వేయించారు. నాకు రాసిచ్చిన ఒక్కరైనా "మెట్లెక్కుతావా నాయనా" అని అడిగిన పాపాన పోలేదు.

స్కానింగ్ సంగతి సరేసరి. లీటరు నీళ్లు తాగి బిగబట్టుకుని కూర్చోమంటారు. కూర్చుంటే మన ముందు పదకొండు మంది. ఉన్న రోగమే బిగబట్టలేకపోవడం! అప్పుడే పీఎస్‌ఏ అని ప్రోస్టేట్ కోసం చేసే రక్తపరీక్షలో 6.2 వచ్చింది. మా తోడల్లుడు ఫోన్లో ఏదో చదివి ఆ రాత్రే మా ఆవిడకు క్యాన్సర్ అని చెప్పేశాడు. ఇంట్లో మూడు నెలలు పొయ్యి సరిగ్గా వెలగలేదు. వాపున్నా ఆ అంకె పెరుగుతుంది. మూడు నెలలకు మళ్లీ చేయిస్తే 2.1. తోడల్లుడు క్షమాపణ చెప్పలేదు, ఇప్పుడు మా ఆవిడ షుగరు మీద పడ్డాడు.

ఇక వైద్యానికి వేలూరు పోవడం. తిరుపతి నుంచి చిత్తూరు మీదుగా మూడు గంటల బస్సు. మూడు గంటలు నేను ఆపుకోలేను. పూతలపట్టు దగ్గర బస్సాపించి దిగితే డ్రైవరు హారన్ కొడుతూనే ఉన్నాడు. హారన్ కొడితే ఎవడికైనా వస్తుందా?

డాక్టరు పెద్దాయన, తమిళాయన. రెండు సీసాలిచ్చాడు. మొదటిదాంట్లో మామూలుగా మూత్రం పట్టివ్వాలి. రెండోది, ఆయన వేలితో ప్రోస్టేట్ ఒత్తిన తర్వాత. రెండూ కల్చర్‌కు పోతాయి. పక్కకు తిరిగి మోకాళ్లు ముడుచుకుని పడుకున్నా. ఎదురుగా గోడ మీద క్యాలెండరు, దాన్నే చూస్తా ఉన్నా. ఆయన ప్రోస్టేట్ ఒత్తాడు. ఇబ్బందే గానీ నా నొప్పి అది కాదు. అప్పుడు వేలు కొంచెం ఎడమకు జరిపి "ఇంగ వలిక్కుదా?" (ఇక్కడ నొప్పిగా ఉందా?) అని ఒక చోట నొక్కాడు. అమ్మా అని నేనరిచిన అరుపుకు బయట నర్సు తలుపు తోసుకుని వచ్చేసింది. రెండేళ్లుగా స్టూలు మీద నాతోపాటు కూర్చున్న నొప్పి అదే, అచ్చంగా అదే. పెద్దాయన చేతి తొడుగు తీస్తూ "ఇదు ప్రోస్టేట్ ఇల్లప్పా. కండ. నీ కండ తాడు మాదిరి ముడిపడి ఉండాది" అన్నాడు.

వారం తర్వాత పోతే రెండు సీసాల్లోనూ ఏ క్రిమీ పెరగలేదు. ఈ జబ్బు పేరుతో వచ్చేవాళ్లలో నూటికి తొంభైమందికి పైగా ఇంతేనట, క్రిమి దొరకదు. దొరికినవాళ్లకు యాంటీబయాటిక్ కావాల్సిందే, అదీ పూర్తిగా. మిగతావాళ్లం ఊరికే మింగుతున్నాం. ఆయన యాంటీబయాటిక్ రాయలేదు. నాకు కోపమొచ్చింది. "చార్జీలు పెట్టుకుని రెండుసార్లు వస్తే మందు లేదంటే ఎట్లా సార్" అని అడిగేశా. టామ్‌సులోసిన్ ఒకటి రాశాడు, రాత్రి భోజనం అయ్యాక వేసుకోమని. దాంతో మూత్రం ధార మెరుగైంది. ఒక్కసారిగా లేస్తే కళ్లు తిరుగుతాయి, జాగ్రత్త. పెళ్లైనవాళ్లకు ఇంకో తేడా కూడా తెలుస్తుంది, కంగారు పడకండి, మందు ఆపితే సర్దుకుంటుంది. దాని కిందే "ఫిజియోథెరపీ" అని రాశాడు.

ఫిజియో అమ్మాయి నా కూతురి వయసుంటుంది. సిగ్గుతో చచ్చిపోయా. గొప్పగా ఉంటుందని యూట్యూబు చూసి రోజుకు 200 కెగెల్స్, అంటే మూత్రం ఆపుకున్నట్టు కింది కండ బిగించి వదిలే కసరత్తు, చేస్తున్నానని చెప్పా. తల పట్టుకుంది. "అంకుల్, ముడిపడినదాన్ని రోజుకు 200 సార్లు ఇంకా బిగిస్తున్నారు" అంది. నాకు కావాల్సింది దానికి తలకిందులు. మూత్రం మొదలయ్యే క్షణంలో కింద ఎట్లా వదులవుతుందో, ఆ వదులును పడుకుని, కూర్చుని, నిలబడి గుర్తుపట్టడం. పొట్ట నిండా గాలి పీల్చడం, మలాసనం, బాలాసనం. అరగంటకోసారి స్టూలు దిగడం. నెల రోజులకు నాకొకటి తెలిసొచ్చింది. మద్రాసు పార్టీ కామాక్షి దీపాలకు బేరం మొదలుపెడితే నేను కింద బిగించేస్తున్నా. జీఎస్టీ ఆడిటరు ఫోను వస్తే ఇంకా జాస్తి. ఇన్నేళ్లు పైకి నవ్వుతూ బేరమాడింది ఒకడు, కింద పళ్లు కొరికింది ఇంకొకడు.

వేడినీళ్లలో కూర్చోమంది. మా ఇంట్లో టబ్బు ఎక్కడిది? అంగట్లో అంచు సొట్టపోయి అమ్ముడుపోని గంగాళం ఒకటి ఉంటే ఆటోలో ఇంటికి చేర్చా. మొదటిరోజే ఇత్తడి అంచు చురుక్కున కాలింది, అప్పట్నుంచి చుట్టూ తువ్వాలు చుడతా. మా ఆవిడ "పెళ్లిళ్లలో పొంగలి వండే సామానులో ఇదేం పని" అని ముక్కు మీద వేలేసుకుంది. రోజూ పదిహేను నిమిషాలు అందులో కూర్చుంటే కలిగే సుఖం ఏ స్ట్రిప్పూ ఇవ్వలేదు. గంగాళం మళ్లీ అంగడికి పోలేదు, పోదు కూడా.

డాక్టర్లు దీనికి 43 మార్కుల ప్రశ్నల కాగితం ఇస్తారు, ఎంత జాస్తి వస్తే అంత బాధ. నాకు మొదట 29 వచ్చింది, ఏడాదిన్నరకు 10. పూర్తిగా పోయిందా అంటే లేదు. పండగ సీజన్లో, చలికాలంలో పలకరిస్తుంది.

నా మటుకు నాకు ఈ జబ్బులో సగం మన ఊళ్లలో మగవాడు బిగబట్టుకోవడం వల్ల వస్తుందనే అనిపిస్తుంది. డాక్టరు ఒప్పుకోలేదు, నేను వదల్లేదు. బజారు వీధుల్లో మరుగుదొడ్డి వెతుక్కోవాలి, గోడ కనిపించిందంటే దానికి వరసగా దేవుడి పటాల టైల్స్ అంటిస్తారు. దేవుడికి దండం పెట్టి ఇంకో అరగంట బిగబట్టడమే.

మీరు చేయాల్సింది: ముందు కల్చర్ చేయించారో లేదో చీటీలన్నీ తీసి చూసుకోండి. చేయించకపోతే వాడుతున్న మందు సంగతి డాక్టరును నిలదీయండి, సొంతంగా మాత్రం ఆపొద్దు. చలిజ్వరం వచ్చినా, మూత్రం ఆగిపోయినా నా గంగాళం కబుర్లు పక్కనపెట్టి ఆ రాత్రే ఆస్పత్రికి పోండి, అది వేరే రకం.

డాక్టరు పేరడిగారు. ఆ పెద్దాయన రిటైరైపోయాడు. ఫిజియో కోసం ఫోన్ చేసేటప్పుడు "పెల్విక్ ఫ్లోర్" (నడుము కింద అడుగున ఉండే ఆ కండలు) అని అడగండి. పోయిన ఏడాది మా బావమరిది కోసం తిరుపతిలోనే నాలుగు చోట్ల అడిగా. ముగ్గురు "అది కాన్పయిన ఆడవాళ్లకు కదండీ" అన్నారు. నాలుగో ఆమె "రమ్మనండి, రిపోర్టులన్నీ తెచ్చుకోమనండి, దిండు మాత్రం వద్దు" అంది.